సుద్ద మీద గీత

సుద్ద పూయడం అయిపోయింది, ఇక గంటసేపు ఊరికే కూర్చోవాలి, ఊరికే కూర్చోవడమన్నది మక్రమ్ మేస్త్రీకి నలభై మూడేళ్ళ పనిలో ఏనాడూ చేతకాలేదు. స్టూలు లాక్కుని బల్ల ముందు కూర్చున్నాడు. ఎదురుగా వైస్‌లో బిగించిన పాత బీఎస్‌ఏ మోటార్‌సైకిల్ ఫ్రేము, చక్రాల్లేవు, ఇంజను లేదు, ఫోర్కు లేదు, ఒట్టి ఎముకలు, ఆ ఎముకలకు మెడ దగ్గర మాత్రం తెల్లగా సుద్ద. పొద్దున పెయింటు గీకాడు, మధ్యాహ్నం మూడుసార్లు కిరసనాయిలు పట్టించి నానబెట్టాడు, పొడిగుడ్డతో చుక్క మిగలకుండా తుడిచి, స్పిరిట్‌లో కలిపిన సుద్దపొడి పల్చగా పూశాడు. ఇనుములో పగులుంటే, వెంట్రుకలో సగమంత ఉన్నా సరే, లోపలికి దిగిన కిరసనాయిలు మెల్లగా పైకి ఊరుతుంది, తెల్లటి సుద్ద మీద సన్నటి గీతలా కనిపిస్తుంది. పగులు లేకపోతే సుద్ద సుద్దలాగే ఉంటుంది. పని నేర్పిన గ్రీకు ముసలాయన, స్టావ్రో, ఇనుముతో నిజం కక్కించడం అనేవాడు దీన్ని, గంట ఆగాలిరా, గంటలోపు చూసినవాడు తనకు కావలసింది చూస్తాడు అనేవాడు. గోడ మీద గడియారం అయిదు దాటి అయిదు నిమిషాలు. సాయంత్రం అజాకు, ఉపవాసం విడిచే పిలుపుకు, ఇంకో గంటా పది నిమిషాలు ఉంది. అజా కాగానే ఈ ఫ్రేము తెచ్చిన పిల్ల షాహిందా వస్తుంది, ఏం తేలిందని అడుగుతుంది. గీత వస్తే ఆమె తండ్రిని చంపింది తనే. రాకపోతే కాదు.

ఇంత సూటిగా తనలో తను అనుకోవడం ఇదే మొదటిసారి, అనుకున్నాక పెద్దగా ఏమీ కాలేదు, వీధిలో ట్రాము గంట కొట్టింది, ఎదురు కొట్టువాడు షట్టరు సగం దించి ఆవలించాడు. రంజాన్ నెలలో అలెగ్జాండ్రియా మొత్తం ఈ గంటలోనే చిరాకు పడుతుంది, ఆటోవాడు ఆటోవాణ్ణి తిడతాడు, తిట్టి దేవుడా క్షమించు, ఉపవాసమున్నాను అంటాడు, మళ్ళీ తిడతాడు. ఈ ఏడు కోప్టు క్రైస్తవుల పెద్ద ఉపవాసం కూడా ఇప్పుడే వచ్చిపడింది, అంచేత మసీదుకు పోయేవాళ్ళూ చర్చికి పోయేవాళ్ళూ కలిసికట్టుగా ఆకలితో ఉన్నారు, దేశంలో ఇంతకన్నా ఐకమత్యం ఇంకెక్కడా కనపడదు. మక్రమ్‌కు చర్చి ఉపవాసం, చిక్కుళ్ళూ నూనెకూరలే ఇంకో నెల. భార్య మార్సెల్ పొద్దున డబ్బాలో పెట్టింది ముట్టుకోలేదు. ఉపవాసముండేవాళ్ళ వీధిలో పగలు తినడం చిన్నప్పటినుంచీ అలవాటు లేదు, నీకెందుకయ్యా తిను అని వాళ్ళే అంటారు, అయినా గొంతు దిగదు. అసలీ మర్యాదే కొంప ముంచింది. మర్యాద కాకపోతే ఆవేళ ఆ నీళ్ళు పోసేవాడు కాదు.

అప్పుడు రంజాన్ నడి ఎండాకాలంలో పడింది, ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ జరుగుతూ ఇప్పుడు మార్చికి వచ్చింది, పదకొండేళ్ళంటే అంత దూరం. ఎండ దిగని సాయంత్రం, షాహిందా తండ్రి, ట్రాము నడిపే షౌఖీ, బండి తోసుకుంటూ వచ్చాడు, గాలి సగం తీసిన బెలూన్లాంటి మొహంతో, మెడ కింద గొట్టం చీలింది చూడరా, నడుపుతుంటే పాములా మెలికలు తిరుగుతోంది. రేపు రా అనొచ్చు. రేపు ఆదివారం. ఎల్లుండి షౌఖీకి ట్రాము డ్యూటీ. సరే దించు అన్నాడు. విప్పి, గీకి, ఇత్తడి అతుకు పెట్టేసరికి అజాకు ముప్పావుగంట ఉంది, షౌఖీ ఇల్లు ఊరికి ఆ చివర, వాళ్ళావిడ కరీమా ఆ రోజు బాతు వండుతోందని వాడు వచ్చినప్పటినుంచి అయిదుసార్లు చెప్పాడు, పొద్దున మూడుకు తిన్నాను, నీళ్ళు కూడా లేవు, పదహారు గంటలు, నువ్వయితే పోయేవాడివి అని వెక్కిరించాడు. ఎర్రగా కాలిన అతుకును బూడిదలో కప్పి గంటసేపు వదిలెయ్యాలి, తనంతట తనే చల్లారాలి, నీళ్ళు పడితే పెళుసుబారుతుంది. ఇది పనిలో చేరిన మొదటి వారం నేర్పే పాఠం. షౌఖీ బయట చిక్కుళ్ళ బండివాడితో మాట్లాడుతున్నాడు, నవ్వుతున్నాడు, ఎండిపోయిన పెదాలతో నవ్వుతున్నాడు. మక్రమ్ రేకు మగ్గుతో తొట్టిలో నీళ్ళు ముంచి అతుకు మీద పోశాడు. ఛుయ్‌మంది. ఆవిరి మొహాన కొట్టింది. రెండో మగ్గు. ఎవరూ చూడలేదు. ఇరవై నిమిషాల్లో బండి బిగించి చేతికిచ్చాడు, వాడు బాతు దగ్గరికి వెళ్ళిపోయాడు. స్నేహితుడు భార్యాబిడ్డలతో కలిసి ఉపవాసం విడవాలని ఒక క్రైస్తవుడు వేడి ఇనుము మీద నీళ్ళు పోయడం, ఇలాంటి తెలివితక్కువ పని ఈ ఊరివాడు తప్ప ఇంకెవడూ చెయ్యడు.

సుద్ద ఇంకా తడిగానే ఉంది, అంచుల్లో మాత్రం ఆరి బూడిదరంగు నుంచి తెలుపుకు తిరుగుతోంది. చూడకూడదు. చూస్తున్నాడు. మెడ అంటే ముందు ఫోర్కు బిగించే చోట రెండు గొట్టాలు వచ్చి ఒక పోత ముక్కలో దూరే చోటు, ఆ ముక్క ఎడమ పక్కన బండి నంబరు గుద్ది ఉంటుంది, ఇంగ్లీషువాళ్ళు యుద్ధానికి తెచ్చుకుని ఎడారిలో పారేసిపోయిన బండి, షౌఖీ తండ్రి తుక్కులోంచి ఏరి తెచ్చి దానికి పక్కతొట్టి కట్టి ఐసుగడ్డలు మోశాడు, తర్వాత షౌఖీకి వచ్చింది. పొద్దంతా పట్టాల మీద పోతాను, ఎవడో వేసిన పట్టాలు, ఎడమకు తిప్పుదామన్నా తిరగదు, ఈ బండెక్కితే మాత్రం నా ఇష్టమొచ్చిన సందులో దూరతాను, ఖెదీవు మహారాజులాంటివాణ్ణి అనేవాడు. ప్రతి గురువారం సాయంత్రం వచ్చి ఇక్కడే, ఈ మూల, బోర్లించిన నూనెడబ్బా మీద కూర్చుని ట్రాములో జరిగినవీ జరగనివీ చెప్పేవాడు, కోడిని ఒళ్ళో పెట్టుకుని దానికి టికెట్టు అడిగిన ముసలమ్మ, నిద్రపోతూ మూడు చుట్లు తిరిగిన పెళ్ళికొడుకు. మక్రమ్ తలెత్తకుండా ఆకురాయి ఆడిస్తూ ఎప్పుడో ఒక మాట అనేవాడు, పెళ్ళికొడుకు నిద్రపోలేదురా, ఆలోచిస్తున్నాడు అనో, కోడే ముసలమ్మను తీసుకెళ్తోందేమో చూడకపోయావా అనో, షౌఖీ పొట్ట పట్టుకునేవాడు. మాట్లాడేవాడు వాడు, వినేవాడు తను, అలా అనుకునేవాడు, ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాడు.

మూడు వారాలు బండి బాగానే తిరిగింది. పండుగ అయింది. ఒక గురువారం షౌఖీ రాలేదు. శుక్రవారం పొద్దున చిక్కుళ్ళ బండివాడు చెప్పాడు, వినలేదా మేస్త్రీ, షౌఖీ సముద్రం రోడ్డు మీద పడ్డాడట, ముందు చక్రం ఓ దారి బండి ఓ దారి అయిందట, వెన్ను విరిగిందట. ముందు చక్రం ఓ దారి. ఆ ఒక్క మాట చాలింది. మక్రమ్ రొట్టె తీసుకుని చిల్లర కూడా తీసుకోకుండా లోపలికి వచ్చి, తొట్టి పక్కన వేలాడే రేకు మగ్గును చూశాడు, దాన్ని తీసి తుక్కులో పారేశాడు. ఇంకెవర్నీ ఏమీ అడగలేదు. అడగడానికేముంది, జరిగింది తనకు తెలుసు, ఊళ్ళో తనొక్కడికే తెలుసు. అతుకు పెళుసుబారింది, మూడు వారాలు ఓర్చుకుంది, నాలుగో వారం మెడ వణికింది. ఎన్నిసార్లు అనుకున్నా ఇదే వరుసలో వచ్చేది. ఇనుము పని చేసేవాడికి ఇనుము ఎలా తెగుతుందో కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది, అదొక శాపం.

షౌఖీ నలభై రోజులు బతికాడు. ఆ నలభై రోజుల్లో నాలుగుసార్లు కబురు చేశాడు. మొదటిసారి వాడి బావమరిది వచ్చి, మేస్త్రీ, షౌఖీ నిన్ను రమ్మంటున్నాడు అన్నాడు, వస్తానని చెప్పు అన్నాడు మక్రమ్. రెండోసారి ఆస్పత్రి నర్సు ఫోను చేసింది, మార్సెల్ ఎత్తి, ఆయనకు జ్వరం అంది. మూడోసారి జ్వరమే. నాలుగోసారి ఫోను పెట్టేసి, వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "నీ జ్వరం సంగతి నాకు తెలీదు గాని, అబద్ధాలాడి ఆడి నాకు మాత్రం వచ్చేట్టుంది" అంది. ఏమైందని అడగలేదు. మార్సెల్ ఏదీ అడగదు, అడక్కుండా పక్కన నిలబడి చూస్తుంది, అది అడగడంకన్నా కష్టం. వెళ్తే ఏం జరుగుతుందో తెలుసు. మంచం, తెల్లటి దుప్పటి, కదలని కాళ్ళు, షౌఖీ కళ్ళు తిప్పి చూస్తాడు, ఏం చేశావురా మెడకి అంటాడు. తిట్టడు. తిడితే బాగుండును. నవ్వుతూ అంటాడు, వాడంతే. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు కోసం మక్రమ్ రాత్రీ పగలూ వెతికాడు, నీకు ఆకలిగా ఉందనిరా అన్నది ఒక్కటే దొరికింది, అది చెప్పుకునే జవాబా, బాతు చల్లారిపోతుందని నీ వెన్ను విరగ్గొట్టానురా. ఓ సాయంత్రం ఆస్పత్రి గేటు దాకా వెళ్ళాడు కూడా, ఎదురుగా బెంచీ మీద కూర్చుని మూడో అంతస్తు కిటికీలు లెక్కపెట్టి, లోపలికి పోయేవాళ్ళ చేతుల్లో పళ్ళ సంచులు చూసి, తను వట్టి చేతులతో వచ్చానని గుర్తుచేసుకుని, పళ్ళు కొనుక్కుని వద్దామని లేచి, కొనుక్కుని ఇంటికి వెళ్ళిపోయాడు. నారింజలు. మార్సెల్ ఒలిచి పెట్టింది.

నలభయ్యో రోజున పోయాడు. పరామర్శ పందిరి వాళ్ళ వీధిలో మూడు రాత్రులు వేశారు, ఆ పందిరికి పోకపోవడమంటే ఈ ఊళ్ళో మనిషి కింద లెక్కకట్టరు, పగవాడైనా వచ్చి చేయి కలిపి చేదు కాఫీ తాగి పోతాడు. మార్సెల్ ఒక్కతే నల్లబట్టలు కట్టుకుని వెళ్ళింది. తిరిగొచ్చి, కరీమా నిన్ను అడిగింది, జ్వరమని చెప్పాను, కరీమా నాకేసి చూసింది అని మూడు ముక్కలు చెప్పి లోపలికి పోయింది. ఆ తర్వాత అటు పోయే ట్రాము ఎక్కడం మానేశాడు. కరీమాను ఓసారి చేపల బజారులో చూసి సందులోకి తిరిగాడు, ఆ సందుకు అవతల దారి లేదు, చేపల పొట్టు గుట్ట ముందు పావుగంట నిలబడ్డాడు. పనిలో మాత్రం చేయి నెమ్మదించింది, ఏ అతుకైనా బూడిదలో గంటన్నర, రెండు గంటలు, మేస్త్రీకి చాదస్తం పట్టిందని జనం నవ్వుకున్నారు, మేస్త్రీ అతుకు తెగదని చెప్పుకున్నారు కూడా, ఫ్రేముల పని ఎవరికైనా పడితే అత్తారీన్ బజారు వెనక సందుకు పొమ్మన్నారు. అలా పేరొచ్చింది.

ఆ పేరు వినే వచ్చింది షాహిందా, రెండు వారాల క్రితం. టెంపో వెనక దుప్పటి చుట్టి ఫ్రేము తెచ్చుకుంది. ఇరవయ్యేడేళ్ళ పిల్ల, బడిలో బొమ్మలు గీయడం నేర్పుతుందట, జీన్సు ప్యాంటు మోకాళ్ళ దగ్గర రంగు మరకలు, తలకు చుట్టిన గుడ్డ మీద దుమ్ము. మక్రమ్ బాబాయ్ గుర్తుపట్టారా అంది. గుర్తుపట్టకపోవడమేం, నుదురు మొత్తం షౌఖీదే. దుప్పటి విప్పకముందే అందులో ఏముందో తెలిసిపోయింది, కాళ్ళు లోపలికి పోదామన్నాయి, కాని కొట్టు తనది, పోవడానికి ఇంకో చోటు లేదు. విప్పింది. మెడ ఉంది. తెగలేదు. పదకొండేళ్ళుగా కళ్ళ ముందు రెండు ముక్కలుగా పడి ఉన్న మెడ ఒక్క ముక్కగా, వాళ్ళ మేడ మీద ఎండకూ వానకూ పొక్కులు లేచిన నల్లరంగుతో, అతుకు దగ్గర మట్టి కట్టి, ఉంది. గుండె ఒక్కసారి పైకి లేచి మళ్ళీ కూర్చుంది, తెగక్కర్లేదు, పగిలితే చాలు, రంగు కింద ఏముందో ఎవరికి తెలుసు, మెడలో సన్నటి పగులున్నా మలుపులో చక్రం వణుకుతుంది, వణికితే చాలు. ఆ పిల్ల అట్టముక్క మీద బొమ్మ గీసి తెచ్చింది. మెడ వెనక్కి వాల్చాలి, ముందు ఫోర్కు పొడుగు కావాలి, వెనక భాగం కోసి కురచ చెయ్యాలి, సీటు వెనక చక్రం మీద కూర్చోవాలి. ముందు చక్రం గడప దాటినా వెనక చక్రం ఇంట్లోనే ఉండే రకం బండి, ఈ కాలం పిల్లలకు అదే అందం. ఇంత పొడుగు బండి సందుల్లో ఎలా తిప్పుతావు తల్లీ అన్నాడు. తిప్పను బాబాయ్, సందులే నన్ను చూసి తప్పుకుంటాయి అంది. అచ్చం వాడే.

మెడ వాల్చాలంటే కింద గొట్టం కోసి, పోత ముక్కను ఎర్రగా కాల్చి లాగి, మళ్ళీ అతకాలి. పగులున్న మెడను కాలిస్తే చేతిలోనే రెండవుతుంది. పగులుంటే ఆ మెడ తీసేసి వేరే బండి మెడ పెట్టడం ఒక్కటే దారి, పెట్టొచ్చు, కాని నంబరు మెడ మీద ఉంది. ట్రాఫిక్ ఆఫీసులో గుమాస్తా వచ్చి ఆ నంబరు మీద పారదర్శకపు టేపు అంటించి ముద్ర ఎత్తుకుంటాడు, కాగితంలోదానితో పోలుస్తాడు, అంకె తేడా వస్తే బండి రోడ్డెక్కదు, ఏ కాఫీ హోటలు గోడకో అలంకారం. ఈ సంగతి ఆ పిల్లకు చెప్పాడు. చూసి చెప్పండి బాబాయ్, ఇది నాన్నది, నడవాలి అంది. నాన్న అన్న మాట మామూలుగా అంది, ఏడుపు గొంతు ఏమీ లేదు, పదకొండేళ్ళలో ఆ మాట అరిగి నున్నబడినట్టుంది.

అయిదున్నర. సుద్ద మీద నల్లగా ఏదో చుక్క. మక్రమ్ ఊపిరి బిగబట్టి ముందుకు వంగాడు, చుక్క అతుకు అంచున ఉంది, సరిగ్గా అంచున, ఎక్కడ నీళ్ళు పడ్డాయో అక్కడ, చుక్క రెండు అంగుళాలు పక్కకు నడిచి కాళ్ళు రుద్దుకుంది. ఈగ. ఛీ అన్నాడు పైకే. ఈగ కూడా ఉపవాసం మీద ఉన్నట్టుంది, బద్ధకంగా లేచి మళ్ళీ అక్కడే వాలింది. పెళ్ళాం పెట్టిన డబ్బా మూత తీసి బయట పెట్టాడు, అటు పొమ్మని. పోయింది. నవ్వొచ్చింది, షౌఖీ ఉంటే దీన్ని ఊరంతా చెప్పేవాడు, మక్రమ్‌గాడు ఈగకు భోజనం పెట్టి పంపించాడర్రా అని.

ఇప్పుడు నిజంగానే ఏదో వస్తోంది. ఎడమ పక్కన, పోత ముక్క మీద, సుద్దలోంచి మసకగా, మొదట ఒక నిలువు గీత, దాని పక్కన ఒక వంపు. వంపు అంకె అయింది. నంబరు. గుద్దిన అంకెల గుంటల్లో ఎంత తుడిచినా కిరసనాయిలు మిగులుతుంది, అదే పైకొస్తోంది, ఒక్కొక్కటే, ఏడు, రెండు, తర్వాత తొమ్మిదో సున్నానో. అంకెలు పైకొచ్చాయంటే సుద్ద పనిచేస్తోందన్నమాట, ఇనుము నోరు తెరిచింది, ఇక అతుకు దగ్గర చెప్పాల్సింది కూడా చెప్పేస్తుంది. అంచు వెంబడి కొంచెం తడి కనిపిస్తుంది, అది మామూలే, గొట్టం ముక్కలోకి దూరే చోట ఎప్పుడూ ఉంటుంది. ఆ అంచును విడిచి కిందికి దిగే గీత వస్తేనే పగులు. గొట్టం మధ్యలో వస్తే పడ్డప్పటి దెబ్బది. అంచున మొదలై కిందికి జారితే నీళ్ళది. తేడా చిన్నపిల్లాడైనా చెప్తాడు.

గుడ్డ చేతికందే దూరంలోనే ఉంది. ఒక్క తుడుపు. తుడిచి, మెడ పనికిరాదమ్మా, పాతబడింది, ఇనుము అలిసిపోయింది అంటే నమ్ముతుంది, మెడ కోసి తుక్కులో వేస్తే దానితోపాటు అంతా పోతుంది, నంబరూ, నీళ్ళూ, ఆ మగ్గు వెళ్ళిన చోటికే. లేదా గీత వచ్చినా రాలేదని చెప్పి, పైన రెండు ఇత్తడి పూతలు వేసి ఇచ్చెయ్యొచ్చు, ఆ పిల్ల శుక్రవారం శుక్రవారం స్నేహితులతో సముద్రం రోడ్డు మీద... ఆ ఆలోచన దగ్గర మనసు వేడి ఇనుము తగిలినట్టు వెనక్కి వచ్చింది. గుడ్డ తీసుకుని, లేచి, గుమ్మం దాకా వెళ్ళి, బయట చెత్తబుట్టలో వేసి వచ్చాడు. తెలియకుండా బతకడం ఒకందుకు హాయి, తెలియనంతకాలం సగం నేరమే, సగం నేరానికి మనిషి అలవాటు పడతాడు, దాన్ని పక్కన పెట్టుకుని టీ తాగుతాడు, నిద్రపోతాడు, మనవరాలి బాప్తిస్మానికి కొత్త బూట్లు కొనుక్కుంటాడు. తెలిసిపోతే ఎలా ఉంటుందో తెలియదు. అయినా ఇప్పుడు తెలియాలని ఉంది. ఎందుకో సరిగ్గా చెప్పలేడు, అరవై దాటింది, అదొక కారణం కావచ్చు.

వీధిలో బల్లలు వేస్తున్న చప్పుడు, దారిన పోయేవాళ్ళెవరైనా కూర్చుని తినే బల్లలు, పళ్ళేలు, నీళ్ళ జగ్గులు, ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు, వేపుడు వాసన, చింతపండు పానకం అమ్మేవాడి ఇత్తడి తాళాలు టింగుటింగున. ఆ తర్వాత మెల్లగా అన్నీ ఆగిపోయాయి. అజాకు ముందు ఈ ఊరికి పది నిమిషాలు ఊపిరి ఉండదు, ట్రాములు ఖాళీగా పోతాయి, రోడ్డు మీద కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. ఆ నిశ్శబ్దంలో మక్రమ్ లైటు దగ్గరకు లాగి, కళ్ళజోడు తుడుచుకుని, అతుకు అంచు వెంబడి వేలు ఆనించకుండా వేలితో గీసినట్టే చూపుతో గీశాడు, పైనుంచి, పక్కనుంచి, కిందనుంచి. భూతద్దం పెట్టి మళ్ళీ. సుద్ద పూర్తిగా ఆరింది. నంబరు మొత్తం బయటపడింది, డబ్ల్యూ ఎం ఇరవై, దాని పక్కన అయిదు అంకెలు, పెన్సిలుతో రాసినట్టు. అతుకు దగ్గర ఏమీ లేదు. తెల్లగా ఉంది. గంట పూర్తయి రెండు నిమిషాలైంది. ఇంకో అయిదు నిమిషాలు చూశాడు, ఇనుము మీద నమ్మకం లేక కాదు, తన కళ్ళ మీద లేక. ఏమీ లేదు. నీళ్ళు పోసిన అతుకు, సిగ్గులేకుండా, గట్టిగా, పదకొండేళ్ళు నిలబడే ఉంది.

తేలిగ్గా ఉండాలి కదా అనుకున్నాడు. తేలిగ్గా లేదు. పెద్ద బరువు ఎత్తడానికి ఒళ్ళంతా బిగించుకుని ఎత్తితే అది ఖాళీ పెట్టె అయినట్టు, తూలినట్టయింది. మరి మూడో అంతస్తు కిటికీలు? నారింజలు? పందిరి? నేరం ఉందని కదా అటు పోలేదు, నేరం లేకపోతే పోకపోవడానికి కారణం ఏమిటి? కారణాన్ని లాగేస్తే ఆ నలభై రోజులూ ఊరికే, దేనికీ కాకుండా, అలా మిగిలిపోయాయి.

"ఏమంది బాబాయ్ మెడ?" షాహిందా గుమ్మంలో ఉంది, ఒక చేతిలో గిన్నెల సంచి, ఇంకో చేతిలో ఖర్జూరాల పొట్లం, పరుగున వచ్చినట్టు ఆయాసం. "అజా అయ్యేలోపు వచ్చేశానులే. అమ్మ ద్రాక్షాకు చుట్లు పంపించింది. మీకు ఉపవాసమట కదా, మాంసం వెయ్యలేదు, నెయ్యి కూడా వెయ్యలేదు, నూనెతోనే చేశానని మరీమరీ చెప్పమంది."

కరీమాకు గుర్తుంది. మక్రమ్ సంచి అందుకున్నాడు, ఎక్కడ పెట్టాలో తోచక చేతిలోనే పట్టుకున్నాడు. "మెడ బాగుంది" అన్నాడు. "పగుల్లేదు. నీ బొమ్మ ప్రకారమే వాల్చొచ్చు. నంబరు ఎక్కడికీ పోదు."

"అబ్బ!" అని ఆ పిల్ల ఫ్రేమును రెండు చేతులా పట్టుకుని ఊపబోయి, సుద్ద చూసి ఆగింది.

"షాహిందా. ఆ అతుకు నేనే పెట్టాను. మీ నాన్న పడడానికి మూడు వారాల ముందు. తొందరపడి నీళ్ళు పోసి చల్లార్చాను. పొయ్యకూడదు. పోస్తే పగులుతుంది. అది పగిలే మీ నాన్న పడ్డాడనుకున్నాను."

ఆమె సుద్దకేసి చూసింది, ఆయనకేసి చూసింది. "పగల్లేదన్నారుగా ఇప్పుడు?"

"పగల్లేదు."

"మరి? కుక్క అడ్డొచ్చింది బాబాయ్. సీదీ బిష్ర్ మలుపులో. దాన్ని తప్పించబోయి బండిని రోడ్డు గట్టుకు కొట్టాడు, ఫోర్కు విరిగింది. కుక్కకేం కాలేదు, పొద్దస్తమానం ఆ కుక్కనే తిట్టేవాడు మంచంలో. వీధి మొత్తానికి తెలుసు. మీకెవరూ చెప్పలేదా?"

"నేనడగలేదు."

అజా మొదలైంది, ఒక మసీదు తర్వాత ఒకటి, సందు మొత్తం ఒకేసారి గ్లాసులు ఎత్తిన చప్పుడు. ఆమె పెదవులు కదిలించి ఖర్జూరం నోట్లో వేసుకుంది, ఇంకొకటి ఆయన చేతిలో పెట్టింది, సీసా ఎత్తి గటగటా నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, హమ్మయ్య అంది. మక్రమ్ ఖర్జూరం పట్టుకుని నిలబడ్డాడు. పదకొండేళ్ళలో ఎవర్నీ అడగని ప్రశ్న ఒకటి మిగిలి ఉంది, దానికి జవాబు తనకు తెలుసుననుకుని అడగలేదు, ఇప్పుడు తెలియదు.

"ఆస్పత్రి నుంచి నాలుగుసార్లు కబురు చేశాడు. నన్ను ఎందుకు రమ్మన్నాడమ్మా? ఏం చెప్పాలనుకున్నాడు?"

షాహిందా నమలడం ఆపి ఆలోచించింది. అప్పటికి పదహారేళ్ళది, మంచం పక్కన ఉన్నది ఎక్కువగా తనే. "చెప్పడానికా? ఏం లేదు బాబాయ్" అంది. "విసుగ్గా ఉందనేవాడు. మీ అమ్మ ఏడుస్తుంది, డాక్టర్లు గొణుగుతారు, ఆ మక్రమ్‌గాణ్ణి పిలవండే, వాడో మాటంటే కాస్త నవ్వుకుంటాను, పొద్దుపోతుంది అనేవాడు."

"అంతేనా?"

"అంతే."

మక్రమ్ స్టూలు మీద కూర్చున్నాడు. షౌఖీ పోయినప్పటినుంచి భయపడ్డాడు, దాక్కున్నాడు, లెక్కలేనన్ని రాత్రులు మేలుకున్నాడు, కాని ఏడవలేదు, వాడికోసమని ఒక్కసారి కూడా ఏడవలేదు. ఇప్పుడు ఏడుపు వచ్చింది, పెద్దగా, సిగ్గు లేకుండా, భుజాలు కదిలేట్టు. షాహిందా గిన్నె మూత తీసి ఆయన ముందు పెట్టి, మూలనున్న నూనెడబ్బా లాక్కుని దాని మీద కూర్చుంది.

"తినండి బాబాయ్" అంది. "తిన్నాకే వెళ్తాను. నాకేం తొందర్లేదు."